మీ పేరు రాయవద్దు

ముందే చెప్పేస్తున్నాను, ఇందులో తప్పు నాది. కొంచెం కాదు, చాలా ఉంది. రాజకుమారి మేడమ్‌కి కోపం ముక్కు మీదే ఉంటుందని మా కాలేజీలో ఎవర్నడిగినా చెబుతారు. నిజమే. అటెండెన్స్ తగ్గినవాణ్ని, పక్కవాడి అసైన్‌మెంటు చూసి దించేసినవాణ్ని చెడామడా తిట్టేస్తాను. ఈ ఒక్క విషయంలో మాత్రం ఎవర్ని తిట్టాలో చాలాసేపు వెతుక్కున్నాను. వేరే ఎవరూ దొరకలేదు.

మాది నారాయణగూడ ఫ్లైఓవర్ పక్కన మూడంతస్తుల బిల్డింగులో నడిచే ఎంబీఏ కాలేజీ. కింద స్వీట్ షాపు, జెరాక్స్ షాపు, మొదటి అంతస్తులో కళ్లద్దాలవాళ్లు, ఆ పైన మేము. 2013 ఫిబ్రవరికి నేనక్కడ చేరి పదకొండేళ్లు. పీహెచ్‌డీ లేనివాళ్లను ఇక ఉంచరని ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు భయపెడుతుంటే నేనూ యూనివర్సిటీలో పేరు రాయించుకున్నాను. ఆరేళ్లయింది. గడువు రెండుసార్లు పొడిగించారు. మూడోసారి కుదరదని మా గైడు ఇంద్రసేన సార్ బర్కత్‌పురలో వాళ్లింటి గుమ్మంలోనే నిలబెట్టి చెప్పారు. మార్చి ముప్పై ఒకటిలోగా థీసిస్ ఇవ్వాలి, లేకపోతే ఆరేళ్ల కష్టం గంగలో కలిసినట్టే.

నా పరిశోధన ఇది: ఎంబీఏ చదివే పిల్లలు చదువయ్యాక ఏం కావాలనుకుంటున్నారు, ఉద్యోగమా, సొంత వ్యాపారమా? నాలుగు పేజీల ప్రశ్నల ఫారం ఒకటి తయారుచేసి, ఐదు కాలేజీల్లో మూడు వందల మందితో నింపించాలి. మూడు వందలకి ఒక్కటి తగ్గినా సంతకం పెట్టనని సార్ షరతు. ఫారం పైన పెద్దక్షరాలతో అచ్చు వేయించాను. 'మీ పేరు రాయవద్దు. మీ జవాబులు పరిశోధనకు మాత్రమే. ఇంకెవరికీ చూపించము.'

వేయించడమైతే వేయించాను గానీ, మా పిల్లల సంగతి నాకు తెలియదా? ఫారం పట్టుకుపోతారు, మళ్లీ కంటికి కనిపించరు. అందుకని మా కాలేజీ వరకు ఒక పని చేశాను. పంచే ముందు ప్రతి ఫారానికీ చివరి పేజీ వెనక, కింది మూలన, పెన్సిల్‌తో సన్నగా రోల్ నంబర్ వేసుకున్నాను. ఎవరు ఇచ్చారో ఎవరు ఇవ్వలేదో చూసుకోవడానికి, అంతే. పదకొండేళ్లుగా రికార్డులు వసూలు చేసిన చేతికి అలవాటైన పని. అన్నీ చేతికొచ్చాక రబ్బరుతో చెరిపేద్దామనుకున్నాను. బద్ధకించాను.

అరవైలో యాభై ఎనిమిది తిరిగొచ్చాయి. అందులో ఇరవై మూడో ప్రశ్న అసలైంది. 'చదువు పూర్తయ్యాక మీకు ఏం కావాలని ఉంది?' నాలుగు గడులు, ఒకదాంట్లో టిక్కు పెట్టాలి. గవర్నమెంటు ఉద్యోగానికి ముప్పై నాలుగు టిక్కులు పడ్డాయి. వింతేం లేదు. మధ్యాహ్నం మూడయ్యేసరికి మా క్లాసులో సగం అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లలో ఉంటుంది, మిగతా సగం చిక్కడపల్లి లైబ్రరీలో కుర్చీ కోసం కొట్లాడుతూ ఉంటుంది. తెలంగాణ వచ్చిందంటే నోటిఫికేషన్లే నోటిఫికేషన్లని వాళ్ల ఆశ. ప్రైవేటు ఉద్యోగానికి పదమూడు. పైచదువులకి రెండు. సొంత వ్యాపారానికి తొమ్మిది.

ఆ తొమ్మిది మంది కోసం చివర్లో ముప్పై ఒకటో ప్రశ్న పెట్టాను. 'మీ వ్యాపార ఆలోచనను రెండు వాక్యాల్లో రాయండి.' ఒకడు రియల్ ఎస్టేట్ అని రాసి చేతులు దులుపుకున్నాడు. ఇంకొకడు ఇంకా ఏమనుకోలేదన్నాడు. ఒకమ్మాయి ఈవెంట్ మేనేజ్‌మెంట్ అంది. ఒక్క ఫారం మాత్రం ఇచ్చిన రెండు గీతలూ దాటి, పక్కనున్న ఖాళీ నిండి, కాగితం తిరగేసి వెనక పేజీ అంతా నిండిపోయింది. మూలకొచ్చేసరికి నా పెన్సిల్ నంబర్ మీద పడకుండా అక్షరాలు పక్కకి తప్పుకున్నాయి. నంబర్ నలభై ఒకటి. నర్మద.

నర్మద రెండో బెంచీలో కూర్చునే పిల్ల. అమ్మానాన్నలు పాలమూరు నుంచి వలసొచ్చి ఇరవై ఏళ్లు దాటింది. రోజూ పొద్దున అశోక్‌నగర్ అడ్డా మీద నిలబడి కూలికి పోతారు. ఇంట్లో డిగ్రీ దాటింది తనొక్కతే, అదీ గవర్నమెంటు ఫీజు కడితే. ఇంగ్లిష్ మాట్లాడమంటే చెమటలు పడతాయి. ఫారం ఇంగ్లిష్‌లో ఉన్నా ఆ ముప్పై ఒకటోది మాత్రం తెలుగులో రాసింది.

అడ్డా గురించి రాసింది. పొద్దున ఆరింటి నుంచి రెండు వందల మంది నిలబడతారట. స్కూటర్ మీద ఎవరో ఒకాయన వచ్చి ఇద్దరు కావాలంటే ఇరవై మంది మీద పడతారట. గోడ కట్టడం వచ్చినవాణ్నీ ఇటుకలు మోసేవాణ్నీ ఒకే గాటన కట్టి అడుగుతారట. ఆడవాళ్లని ఆఖర్న పిలుస్తారట. పది దాటితే ఇక పని లేనట్టే. దీనికి తన ఉపాయం ఒక చిన్న గది, ఒక ఫోను, ఎవరికి ఏ పని వచ్చో రాసిన పుస్తకం. గాంధీనగర్‌లోనో చిక్కడపల్లిలోనో ఇల్లు కట్టుకునేవాళ్లు ముందురోజే ఫోన్ చేసి చెబితే, కూలీ తెల్లారి ఇంటి నుంచి నేరుగా పనికే పోతాడు. 'మా వాళ్లకు పని చేసుడు కష్టం గాదు, నిలబడుడు కష్టం. ఎవ్వరు నిలబడొద్దు' అని ఆఖరి వాక్యం.

రెండుసార్లు చదివాను. ఈ పదకొండేళ్లలో నా బల్ల మీదికొచ్చిన ప్రాజెక్టు రిపోర్టుల్లో ముప్పాతిక మువ్వీసం జెరాక్స్ షాపులో కొన్నవే. సొంతంగా పుట్టిన ఆలోచన చూసి ఎన్నాళ్లయిందో. పిల్లని పిలిచి మెచ్చుకుందామని లేచాను కూడా. పేరు రాయవద్దని నేనే వేయించాను కదా, ఎలా మెచ్చుకుంటాను? మళ్లీ కూర్చున్నాను.

ఆ మంగళవారమే డైరెక్టర్ కాశీవిశ్వనాథం గారు పిలిపించారు. గదిలో ప్లేస్‌మెంట్లు చూసే ఉమాకాంత్ కూడా ఉన్నాడు. గురువారం ఒక ప్రైవేటు బ్యాంకువాళ్లు మా పిల్లల్ని ఇంటర్వ్యూ చేయడానికి వస్తున్నారు. బంద్ వల్ల ఒకసారి వాయిదా పడి మళ్లీ కుదిరింది. పోయినేడు వాళ్లు ఆరుగుర్ని తీసుకుంటే ఐదుగురు చేరలేదు, గ్రూప్స్ చదువుకుంటామని అశోక్‌నగర్‌లో గదులు తీసుకుని కూర్చున్నారు. ఈసారి తప్పకుండా చేరేవాళ్లనే పంపండి, లేకపోతే ఇదే ఆఖరని బ్యాంకు తరఫున మాట్లాడినావిడ గట్టిగా చెప్పిందట.

"పోరగాళ్లను అడిగితే అందరు చేరుతమనే అంటరు మేడమ్," అన్నాడు ఉమాకాంత్. "గని మీ సర్వేల అసలు సంగతి ఉంటది గద?"

"పేర్లు ఉండయ్," అన్నాను. అక్కడ ఆగి ఉంటే సరిపోయేది.

డైరెక్టర్ గారు నాకు టీ చెప్పారు. పదకొండేళ్లలో మొదటిసారి. "మీ రీసెర్చ్ మన సంస్థకి ఉపయోగపడే రోజు వచ్చిందమ్మా," అన్నారు. నా సర్వే అంటే స్టాఫ్ రూములో అందరికీ నవ్వులాట. రాజకుమారి మేడమ్ ఫారాలు మళ్లీ వచ్చాయిరా అని పిల్లలు పారిపోతారు. అలాంటిది డైరెక్టరే ఉపయోగం అన్నారు. ఉబ్బిపోయాను. ఇంకేం దాచాలి? "పేర్లు ఉండయ్ గని, నంబర్లు ఉన్నయ్ సార్," అన్నాను.

ఫారాలు తెచ్చి నేను చదువుతుంటే ఉమాకాంత్ రాసుకున్నాడు. ప్రైవేటు ఉద్యోగానికి టిక్కు పెట్టిన పదమూడు నంబర్లు. టీ చల్లారే లోపలే అయిపోయింది. గవర్నమెంటు ఉద్యోగం కావాలన్నవాళ్లు ఎలాగూ చేరరు, వ్యాపారం కావాలన్నవాళ్లకి ఉద్యోగమెందుకు అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నలభై ఒకటి తిప్పేటప్పుడు చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆగిందన్న సంగతి నాకు బాగా గుర్తు. అయినా తిప్పేశాను.

బుధవారం మధ్యాహ్నం నోటీసు బోర్డు మీద లిస్టు పెట్టారు. మూడింటికి నర్మద స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడింది.

"మేడమ్, జర మాట్లాడొచ్చా?"

"చెప్పు."

"లిస్టుల నా పేరు లేదు మేడమ్. నాకు ఒక్క సబ్జెక్టు గూడ పోలే. శ్రావణ్‌కి రెండు పోయినయి, వాని పేరున్నది."

శ్రావణ్ వాళ్ల నాన్నకి నారాయణగూడ మార్కెట్ దగ్గర రంగుల దుకాణం ఉంది. రేపు ఈ చదువు కాగానే వాణ్ని గల్లా ముందు కూర్చోబెట్టడానికి ఆయన సిద్ధంగా ఉన్నాడు. అందుకే వాడు ప్రైవేటు ఉద్యోగం గడిలో కాగితం చిరిగేలా టిక్కు పెట్టాడు. దుకాణం ఉన్నవాడు ఉద్యోగం కావాలన్నాడు, చారెడు జాగా లేని పిల్ల వ్యాపారం కావాలంది. ఈ మాట నా థీసిస్‌లో ఎక్కడ రాయాలో కూడా నాకు తోచలేదు.

"నా ఇంగ్లిష్ మంచిగ లేదని తీసేసిన్రా మేడమ్?"

"గట్ల ఎవరన్నరు?"

"ఎవ్వరనలే. ఉమాకాంత్ సార్‌ను అడిగితే, నీకు ఉద్యోగమంటే ఇంట్రెస్ట్ లేదంట గద అన్నడు. నేనెప్పుడన్న మేడమ్? ఎవ్వరితోని అన్లే. మీరు జర అడిగి చూస్తరా?"

నేనే చెప్పానమ్మా అనాలి. అనలేదు. "కనుక్కుంట, నువ్వు పరేషాన్ గాకు," అన్నాను. ఆ పిల్ల నమ్మి తలూపి వెళ్లిపోయింది. నన్నే నమ్మింది, అదే నాకు భరించరానిదిగా ఉంది.

సాయంత్రం చిక్కడపల్లిలో మా ఇంటికి నడిచి వెళుతుంటే రోడ్డు మీద ఎవరు పలకరించారో, నేనేం బదులిచ్చానో తెలియదు. మనసులో ఒకటే లెక్క తిరుగుతోంది. చెబితే ఏమవుతుంది? పేరు రాయవద్దని పిల్లలకి మాటిచ్చి, దొంగచాటుగా నంబర్లు వేసి, ఆ నంబర్లు ఇంకొకరి చేతిలో పెట్టానని ఇంద్రసేన సార్‌కి తెలుస్తుంది. మా కాలేజీ ఫారాలు యాభై ఎనిమిదీ తీసి పారేయమంటారు. మిగిలేవి రెండు వందల నలభై రెండు. నెల రోజుల్లో కొత్తవి ఎక్కణ్నుంచి తేను? చెప్పకపోతే ఏమవుతుంది? ఏమీ అవదు. నర్మద తన ఇంగ్లిష్‌నే తిట్టుకుంటూ ఉంటుంది.

మా ఆయనతో అంటే ఆయన పేపర్లోంచి తలెత్తలేదు. "లిస్టు పెట్టింది వాళ్లు. నువ్వెందుకు తల పగలగొట్టుకుంటున్నవ్?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. కానీ నేను చేసిందేమిటి? టీవీలో వార్తలు అయ్యేలోపు వంటింటి బల్ల మీద ఫారాలు పరుచుకుని, రబ్బరు తీసుకుని, యాభై ఎనిమిది నంబర్లూ ఒక్కొక్కటే చెరిపాను. మంగళవారం చేయాల్సిన పని బుధవారం సాయంత్రం చేశాను. తప్పు దిద్దుకోవడానికి కాదు, దాచుకోవడానికి. నలభై ఒకటి దగ్గర ఎంత రుద్దినా జాడ పోలేదు, గట్టిగా నొక్కి రాశానేమో. ఇంకాస్త రుద్దితే కాగితం చిరిగేలా ఉంది. అక్కడికి ఆపేశాను.

గురువారం పొద్దున ఆరున్నరకి పాలకని బయల్దేరి, పాల బూత్ దాటి, అశోక్‌నగర్ దాకా నడిచేశాను. ఆ అడ్డా ముందు నుంచి ఎన్నేళ్లుగా తిరుగుతున్నానో, ఒక్కసారీ ఆగలేదు. ఆ రోజు ఆగాను. ఆగీ ఆగకముందే నా చుట్టూ పదిహేను మంది మూగారు.

"ఎంతమంది గావాలె మేడమ్?"

"మట్టి పనా, సున్నం పనా?"

"ఆడోళ్లు గావాల్నా అమ్మా, మేమిద్దరం వస్తం."

నాకు ఊపిరాడలేదు. పని లేదని చెప్పడానికి సిగ్గేసింది. నేను నర్మద వాళ్ల కాలేజీ నుంచి వచ్చానన్నాను. వెనక నుంచి ఒకామె జనాన్ని తోసుకుంటూ వచ్చింది, తట్ట చంకలో ఉంది. నర్మద వాళ్లమ్మ రామమ్మ.

"రాజకుమారి మేడమ్ నువ్వేనా? మా పిల్ల ఎప్పుడు నీ ముచ్చటే జెప్తది. మొన్న గా కాయితం రాసెటప్పుడు మూడు దినాలు ఈడికే వొచ్చింది. ఎవ్వలకు ఏం పనొస్తది, ఏడికెల్లి వొచ్చిన్రు, అందర్ని అడిగింది. ఏందే గిదంత అంటే, మా మేడమ్ రాయమన్నదని జెప్పె."

రెండు వాక్యాలు రాయమన్నాను నేను. ఆ పిల్ల రెండు వందల మందిని అడిగి రాసింది.

తండ్రి పీరయ్య కాస్త దూరంగా నిలబడి దండం పెట్టాడు. తలకి కొత్తగా నల్లరంగు వేసుకున్నాడు, చెవుల మీద ఇంకా మరక ఉంది. నేను అటు చూశానని గమనించి నవ్వాడు. "తెల్ల ఎంటికలు సూస్తే ఎవ్వరు విలుస్తలేరు మేడమ్. రంగేసినా మొకం జూసి గుర్తువడ్తుండ్రు. ఈ నెల నాలుగు దినాలే దొరికింది." అప్పుడడిగాడు. "ఇయ్యాల బ్యాంకోళ్లొస్తుండ్రంట గద. మా పిల్ల డ్రెస్సు ఇస్తిరి జేయించుకున్నది. అయితదా మేడమ్?"

ఇంట్లో చెప్పలేదన్నమాట. లిస్టులో పేరు లేదని తెలిసి కూడా బట్టలు ఇస్త్రీ చేయించుకుంది.

"అయితది," అన్నాను. అని, పాలు కొనడం మర్చిపోయి ఇంటికొచ్చి, చీర మార్చుకుని, ఎనిమిదింటికల్లా కాలేజీ మెట్లెక్కాను. దారిలోనే నర్మదకి ఫోన్ చేసి తొమ్మిదింటికి రమ్మన్నాను.

డైరెక్టర్ గారి ముందు ఒక్క గుక్కలో చెప్పేశాను. పేరు రాయించుకోనని మాటిచ్చానని, నంబర్లు వేయడమే తప్పని, వాటిని బయటపెట్టడం అంతకన్నా పెద్ద తప్పని, ఆ లిస్టు చెల్లదని. ఉద్యోగం పోతుందేమో, మెమో ఇస్తారేమో అన్నిటికీ సిద్ధపడే వెళ్లాను. ఆయన అంతా విని కళ్లద్దాలు తుడుచుకున్నారు.

"ఇంతేనా?" అన్నారు. "పెన్సిల్ గీతల కోసం ఇంత బెంగేంటమ్మా? చెరిపేస్తే సరి."

చెరిపేశానని చెప్పలేకపోయాను.

"కానీ లిస్టు రద్దంటే కుదరదు," అన్నారు మళ్లీ. "మా పిల్లల్ని రీసెర్చ్ చేసి మరీ ఎంపిక చేశామని ఉమాకాంత్ బ్యాంకుకి మెయిల్ పెట్టాడు. వాళ్లు చాలా సంతోషించారు. ఒక పని చేయండి. ఆ అమ్మాయితో కొత్త ఫారం నింపించండి. ప్రైవేటు ఉద్యోగం అని టిక్కు పెడితే లిస్టులో చేర్చేద్దాం. మీ సర్వే సరిగ్గా ఉంటుంది, మా లిస్టూ సరిగ్గా ఉంటుంది."

రాత్రంతా నేను భయపడిన తప్పు ఈయనకి తప్పులాగే కనిపించలేదు. బయటికొస్తుంటే నాకు సంతోషమేసిన మాట దాచను. పిల్లకి ఇంటర్వ్యూ దొరుకుతుంది, నా థీసిస్ నిలబడుతుంది, ఎవరికీ ఏమీ తెలియదు. మెట్లు దిగేదాకా ఆ సంతోషం ఉంది.

నర్మద లేత నీలం చుడీదార్‌లో స్టాఫ్ రూము బయట కూర్చుని ఉంది. కొత్త ఫారం చేతిలో పెట్టి, ఈసారి ఏదీ మింగకుండా చెప్పాను. నంబర్లు వేసిన సంగతి, చదివి రాయించిన సంగతి, ఆమె పేరు లిస్టులో లేకపోవడానికి నేనే కారణమన్న సంగతి.

కొత్త ఫారం తిరగేసి వెనక కింది మూల చూసింది. తర్వాత నెమ్మదిగా అంది. "నంబర్ నేను జూసిన మేడమ్. రాస్తుంటే కనవడ్డది. నాదే గద అనుకున్న. ఎవరు రాసిన్రో మీకు తెల్వాలెననే అంత రాసిన."

తిట్టినా బాగుండేది.

"మరి నీకు ఉద్యోగం కావాల్నంటే, వ్యాపారం గడిల టిక్కెందుకు పెట్టినవ్ నర్మదా?"

"మీరు ఇష్టమేందని అడిగిన్రు మేడమ్," అంది, చదువు చెప్పేదానిలాగే ఓపిగ్గా. "గతి ఏందని అడగలే. రెండు మూడేండ్లు ఉద్యోగం చెయ్యకుంటే మా ఇల్లు ఎట్ల నడుస్తది? నాయినను ఎవ్వరు విలుస్తలేరు. గని మీరు గది అడగలే గద."

ఆరేళ్లు. ఇద్దరు ప్రొఫెసర్లు చూసి సరేనన్న ప్రశ్నలు. ఆ ఇరవై మూడో ప్రశ్నలో లోపం ఎక్కడుందో ఆ పిల్ల ఒక్క మాటలో పట్టేసింది.

బల్ల దగ్గర కూర్చుని ఫారం నింపింది. ప్రైవేటు ఉద్యోగం గడిలో టిక్కు పెట్టింది. అన్నీ అయ్యాక తలెత్తింది. "ముప్పై ఒకటోదానికి ఏం రాయాలె మేడమ్?"

"నీ ఇష్టం," అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

'ఏమీ లేదు' అని రాసి, నా చేతికిచ్చి, జుట్టు సర్దుకుని పైకి పోయింది.

ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, అప్పుడు మాత్రం తల తిరిగిపోయింది. నర్మద ఫారం నింపి లిస్టులో చేరడం శ్రావణ్ చూశాడు. వాడి నోట్లో నువ్వుగింజ నానదు. పావుగంటలో క్లాసంతా స్టాఫ్ రూము మీద పడింది. మేడమ్ నాకొకటి, మేడమ్ నాకు గూడ. నా దగ్గర ఖాళీ ఫారాలు అయిపోతే కిందికి పోయి జెరాక్స్ తీయించుకుని మరీ తెచ్చుకున్నారు. గోడకానించి ఒకడు, ఇంకొకడి వీపు మీద పెట్టి ఇంకొకడు, గబగబా టిక్కులు పెట్టేశారు. పై చదువులన్నవాళ్లు, గ్రూప్స్ అన్నవాళ్లు, ఎందుకైనా మంచిదని అందరూ. ఒకడు పైన పేరు, రోల్ నంబర్, ఫోన్ నంబర్ కూడా రాశాడు. 'మీ పేరు రాయవద్దు' అన్న గీత మీదే రాశాడు. మా కాలేజీలో సొంత వ్యాపారం చేయాలనుకునేవాళ్లు బుధవారం దాకా తొమ్మిది మంది. గురువారం పదిన్నరకి ఒక్కరూ లేరు.

బల్ల మీద రెండు కట్టలున్నాయి. పాతవి, కొత్తవి. పాతవి నేను పాడుచేశాను, కొత్తవి భయం నింపింది. ఏ కట్ట కంప్యూటర్‌లోకి ఎక్కించినా సార్ సంతకం పెడతారు, ఆయనకెలా తెలుస్తుంది? చాలాసేపు ఆ రెండింటినీ చూస్తూ కూర్చున్నాను. ఇక నా వల్ల కాలేదు. వరండాలోకి వెళ్లి ఇంద్రసేన సార్‌కి ఫోన్ చేశాను.

"మా కాలేజీ ఫారాలు పనికిరావు సార్. తీసేస్తున్న."

"ఎన్ని?"

"అన్ని, సార్."

"గట్లయితే రెండు వందల నలభై రెండే మిగులుతయమ్మా. తెలుసు గద?"

"తెలుసు సార్." ఎందుకో చెప్పాను, దాచకుండా. "నువ్వు చెప్పకుంటే నాకు తెల్వకపోవు," అన్నారు చివరికి. "రేపు ఇంటికి రా. మాట్లాడుదం." కోపమో కాదో ఆ గొంతులో నాకు అంతుపట్టలేదు. మార్చి ముప్పై ఒకటికి ఇంకా ఎన్ని రోజులున్నాయో లెక్కపెట్టుకున్నాను.

టిక్కు పెట్టినవాళ్లందర్నీ ఉమాకాంత్ లిస్టులో చేర్చేశాడు. ఇంటర్వ్యూలు మూడింటి దాకా సాగాయి. పదమూడు మంది అనుకుని వచ్చిన బ్యాంకువాళ్లు నలభై తొమ్మిది మందిని చూసి, మీ పిల్లలకి ఉద్యోగమంటే ఎంత ఆసక్తి అని డైరెక్టర్ గారిని పొగిడారట. నేను పైకి పోలేదు. ఒక క్లాసు ఉంటే ఏదో చెప్పి వచ్చాను, ఏం చెప్పానో పిల్లలకీ తెలియదు, నాకూ తెలియదు. గుమ్మం వైపే చూస్తూ కూర్చున్నాను. ఒకవేళ రాకపోతే? పీరయ్యకి అయితది అని చెప్పి వచ్చానే.

నాలుగు కావస్తుండగా నర్మద మెట్లు దిగి వచ్చింది.

"అయింది మేడమ్. నలుగుర్ని తీసుకున్నరు. అండ్ల నేనొకదాన్ని."

నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. చెయ్యి పట్టుకున్నాను. "ఇంగ్లిష్‌ల అడిగిన్రా?" అన్నాను.

"మొదలు ఇంగ్లిష్‌లనే. తర్వాత ఒక మేడమ్ తెలుగులనే అడిగింది. చదువైనంక నీకు ఏం చెయ్యాలని ఉందమ్మా, మనసులున్నది చెప్పు, మేమేం అనుకోము అన్నది."

"నువ్వేమన్నవ్?"

"బ్యాంకుల ఉద్యోగం చెయ్యాలని ఉంది, చిన్నప్పటికెల్లి ఇంకేం అనుకోలేదని చెప్పిన." నవ్వింది. పొద్దుట్నుంచి మొదటిసారి నవ్వింది. "ఈసారి తప్పు చెయ్యలే మేడమ్."

శభాష్ అంటానేమోనని నా మొహంలోకి చూస్తూ నిలబడింది. అన్నాను.